నల్లపూత మీద బొట్టు

అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లో, నేను డ్రైవర్‌గా చేసే ఇంట్లో నాకంటే ముందు మా అన్న డ్రైవర్‌గా చేశాడు. ఆ ఇంటి ముందే కారు కడుగుతూ గుండె ఆగి పోయాడు. శవం పెట్టెలో కడపకు వచ్చింది. బట్టలూ సామానూ దాని వెనకే వచ్చాయి. తర్వాత ఆ ఇంటి యజమానే, మా కఫీల్, నాకు వీసా పంపాడు. అన్నకు సంబంధించింది ఆ ఇంట్లో ఒక్క చెప్పుల జత కూడా మిగల్లేదు. నేను వెతికాను కాబట్టి చెబుతున్నాను.

కఫీల్ తండ్రిని మేమంతా బాబా అంటాం. ముసలాయనకు మతిమరుపు ముదిరింది. కారెక్కినప్పుడల్లా "మీ అన్న ఏడీ?" అని అరబ్బీలో అడుగుతాడు. ఊరికి పోయాడని, వచ్చేస్తాడని చెప్పమని కొడుకు హుకుం. నిజం చెబితే బాబా అప్పుడే విన్నట్టు ఏడుస్తాడట. అందుకని చచ్చిపోయిన మా అన్నను రోజూ నా నోటితోనే సెలవు మీద పంపుతూ వచ్చాను. ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

బాబా వయసులో ఉన్నప్పుడు సైన్యంలో చేశాడు. సైన్యం వాడేసి పక్కన పడేసిన పాత పిస్టళ్లలో ఒకటి లైసెన్సుతో కొనుక్కుని దాచుకున్నాడు. మతి తప్పిన మనిషి దగ్గర అది ఉండకూడదని కొడుకు దాన్ని లైసెన్సున్న ఒక పెద్దమనిషికి ఇవ్వడానికి మాట్లాడాడు. ఆయన సైన్యంలో తుపాకులు బాగుచేసినవాడు. ఒకరోజు పొద్దున దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే గదిలో, అందరూ చేరారు. నన్ను టార్చి పట్టుకొమ్మన్నారు.

ఆయన ముందుగా లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత విప్పి ముక్కలన్నీ తెల్ల గుడ్డ మీద వరసగా పెట్టాడు. గొట్టంలోంచి వెలుతురు చూసి, లోపలి మెలి గీతలు ఇంకా పదునుగానే ఉన్నాయని, ఇది ఎక్కువ పేలలేదని అన్నాడు. మూతి దగ్గర నల్లపూత పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. "ఇది కాల్చినందుకు కాదు. తోలు ఒరలోకి పెడుతూ తీస్తూ ఉంటే అరిగింది" అన్నాడు. పిడి మీది గళ్లు ఒకవైపే నున్నబడ్డాయి. స్ప్రింగు అలసిపోయిందట. ఆ ఇనుప ముక్కల్లో ఆయన బాబా వయసంతా చదువుతుంటే నాకు ముచ్చటేసింది.

అంతలో పిస్టల్ పైభాగాన, మూతికి కాస్త వెనక ఆయన వేలు ఆగింది. టార్చి దగ్గరికి తెమ్మన్నాడు. గుండ్రటి మచ్చ. వేలికొన అంత. అక్కడ పూత పూర్తిగా పోయి, ఇనుము చిన్న చిన్న గుంటలు పడి ఎర్రగా ఉంది.

"ఇది అరుగుదల కాదు. తుప్పు దానంతట అదే ఇంత గుండ్రంగా రాదు. ఏదో పులుపు తగిలింది. ఒకసారి కాదు, అదే చోట మళ్లీ మళ్లీ" అన్నాడు.

నాకు తెలిసిపోయింది. ఆ పులుపు నిమ్మరసం. మా ఇంట్లో ఆయుధపూజ నాడు కుంకుమను నీళ్లతో కాదు, నిమ్మరసంతో తడుపుతారు. కొడవలికీ, మోటారుకీ, బండికీ దాంతోనే బొట్టు పెట్టి, బొరుగులు, అంటే మరమరాలు, బెల్లంతో పంచుతారు.

ఒక దసరాకు అన్న ఫోన్లో చెప్పిన మాట గుర్తొచ్చింది. "ఒరే, కారుకి పెడతాంటే పెద్దాయన వచ్చినాడు. దీనికీ పెట్టురా అని పిస్టోలు తెచ్చి రెండు చేతుల్లో పట్టుకున్యాడు. ప్రతి దసరాకీ ఇదే పని. బొరుగులూ బెల్లం కూడా అడిగి తింటాండాడు." నేను నమ్మలేదు. "కోతలు కొయ్యాకు అన్నా, అరబ్బాయన బొట్టు పెట్టిచ్చుకుంటాడా" అని ఎగతాళి చేశాను. అన్న నవ్వి ఊరుకున్నాడు.

కోత కాదు. అన్న వేలి గుర్తు నా కళ్ల ముందే ఉంది.

"ఇంటికి తీసుకెళ్లి రుద్దేస్తాను, పైన కొత్త పూత వేస్తే కనబడదు" అన్నాడు పెద్దమనిషి. ఉండబట్టలేక సంగతి చెప్పాను. అలాగే వదిలేయమని అడిగాను. కఫీల్ చిరాకుపడ్డాడు గానీ ఆ పెద్దమనిషి శాంతంగా విన్నాడు. "వదిలేస్తే ఇంకా లోపలికి తింటుంది నాయనా. ఇనుము నిలవాలంటే మచ్చ పోవాల్సిందే" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా బాధేసింది.

ఆయన పిస్టల్ మళ్లీ బిగించగానే, అప్పటిదాకా మూల సోఫాలో కూర్చున్న బాబా లేచాడు. దాన్ని తీసుకుని, మూతి గోడ వైపు తిప్పి, రెండు అరచేతుల మీద పెట్టి నా ముందు నిలబడ్డాడు. తల వంచాడు.

"యల్లా" అన్నాడు. పెట్టమని.

నా దగ్గర కుంకుమ లేదు. ఉంగరం వేలు మచ్చ మీద ఆనించాను. సరిగ్గా సరిపోయింది. వేలు తీయబుద్ధి కాలేదు.

బాబా తలెత్తి, "బొరుగులు?" అన్నాడు. అచ్చంగా మా కడప మాట, ఆయన నోట. ఇక ఆపుకోలేక అందరి ముందూ ఏడ్చాను. కొడుకు మెల్లగా పిస్టల్ తీసి పెద్దమనిషికి అందించాడు. ఆయన దాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆ సాయంత్రం మనవాళ్ల అంగడికి పోయి బొరుగులూ బెల్లం తెచ్చి బాబాకు పెట్టాను. చివరి గింజ దాకా తిని, చేతులు దులుపుకుని, రోజూ అడిగేదే అడిగాడు.

"మీ అన్న ఏడీ?"

ఊరికి పోయాడనడానికి నోరు తెరిచాను. ఆ మాట రాలేదు.

"చచ్చిపోయాడు బాబా" అన్నాను.

ఆయన చాలాసేపు ఏడ్చాడు. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆ ఇంట్లో మా అన్న కోసం నాతో కలిసి ఏడ్చిన మనిషి ఆయనొక్కడే. మరునాడు కారెక్కగానే మళ్లీ అడిగాడు.

"ఊరికి పోయాడు బాబా" అన్నాను.