వరద ఎక్కని చోటు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "ఆ ఫోల్డర్ నాకు రాలేదు సార్." ఇంతే. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. నా విషయంలో ప్రాణం ఒక్కసారిగా పోలేదు, అదే కష్టం. రోజుకింత పోతోంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు కూర్చోగలిగాను.

మాది ముదిగొండ దగ్గర పల్లె. ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చేసి, భద్రాచలంలో ఒక చిన్న సంస్థలో పనికి చేరాను. అడవి గూడేల్లో తల్లుల ఆరోగ్యం, పిల్లల ఆరోగ్యం చూసే సంస్థ. కిరాయి ఇంట్లో ఆఫీసు. సెక్రటరీ గారు రిటైరైన హెడ్మాస్టరు. ముగ్గురు నర్సులు పొద్దస్తమానం ఊళ్ళ మీదే ఉండేవాళ్ళు. ఆఫీసులో మిగిలేది నేనూ, టైపిస్టు రూతు. ఆమెది పెనుబల్లి. నాకంటే రెండేళ్ళు పెద్దది అనుకుంటాను. నన్ను సార్ అనేది, నేను మేడమ్ అనేవాణ్ణి. ఆ రెండు మాటలు దాటి ఒక్క అడుగు ముందుకు వేయాలని ఎంత ఉండేదో, ఇప్పుడు చెప్పి ఏం లాభం?

రూతు అసలు పని టైపింగ్ కాదు, పుట్టుకలు రాయడం. గూడేల్లో పిల్ల ఎప్పుడు పుట్టిందంటే తేదీ ఎవరికీ తెలియదు. రేషన్ కార్డులు, ఆధార్ కార్డులు రాసేవాళ్ళు వచ్చి, అందరికీ జనవరి ఒకటి వేసి పోయేవాళ్ళు. ఊరు ఊరంతా ఒక్కరోజే పుట్టిందంట సార్, మంత్రసానికి ఆ రోజు అన్నం తినే తీరికైనా దొరికిందో లేదో అని నవ్వేది రూతు. ఆమె తేదీ అడిగేది కాదు. మంత్రసాని పక్కన పీట వేసుకుని కూర్చునేది. అప్పుడు ఇప్పపూలు రాలుతున్నాయా? బీడీల తునికాకు కోతకు పోయారా? కొత్త పంట తినే కొత్తల పండుగ అయిందా, ఇంకా కాలేదా? గోదావరి ఎక్కడిదాకా వచ్చింది? ముందు ఎవరి బిడ్డ పుట్టింది, తర్వాత ఎవరి బిడ్డ? ఇట్లా అడిగి అడిగి, నెలా సంవత్సరం తేల్చేది. దానికోసం కోయ మాట నేర్చుకుంది. ఏడేళ్ళు తిరిగింది. నోటుబుక్కుల్లో రాసుకొచ్చి కంప్యూటర్లో ఎక్కించేది. ప్రతి కాగితం అడుగున మూడు వరసలు ఉండేవి. చెప్పినవారు, రాసినవారు, సరిచూసినవారు.

తొమ్మిదేళ్ళ కింద వరద నీళ్ళు ఆఫీసులోకి వచ్చాయి. నడుం లోతు. రూతు నోటుబుక్కులన్నీ కింది అరలో ఉండి, నాని ముద్దయిపోయాయి. కంప్యూటర్ ఒక్కటి బల్ల మీద ఉండి బతికింది. సెక్రటరీ గారు భయపడిపోయి, మన ఫైళ్ళన్నీ వరద ఎక్కని చోట పెట్టాలి, క్లౌడ్‌లో పెట్టు అన్నారు. ఆ పని నాకే అప్పగించారు. ఇక నా దర్జా చూడాలి. నర్సులు క్లౌడ్ సార్ అని ఆటపట్టించేవాళ్ళు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల బాగానే ఉండేది.

ఎక్కించాల్సినవి పద్నాలుగు ఫోల్డర్లు. రూతు ఒక కాగితం మీద వాటి పేర్లు వరసగా రాసిచ్చింది. అన్నిటికంటే చివర "పుట్టుకలు".

మూడు రోజుల్లో అయ్యే పని అది. నేను పదిహేను రోజులు సాగదీశాను. నెట్ స్లోగా ఉందని చెప్పాను. ఉన్నమాటే, కానీ అంత స్లో కాదు. ఆ పాత కంప్యూటర్ రూతు బల్ల మీద ఉండేది. ఫైళ్ళు ఎక్కుతున్నంతసేపూ ఆమె పక్క కుర్చీ నాది. ఇద్దరం తెర మీద పచ్చ గీత జరగడం చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆమె స్టవ్ మీద టీ పెట్టేది. గూడేల సంగతులు చెప్పేది. ఆమె మాట్లాడుతుంటే కిటికీ అవతల వాన. నా బతుకులో సంతోషం ఎక్కడుందో చూపించమంటే ఆ పదిహేను రోజులే చూపిస్తాను, ఇంకెక్కడా చూపించడానికి లేదు.

పదహారో రోజు సెక్రటరీ గారికి ఓపిక పోయింది. పాత కంప్యూటర్‌ను ఒక బడికి ఇస్తామని మాటిచ్చారట, రేపు బండి వస్తుంది, జల్దీ కానీయ్ అన్నారు. ఆ మధ్యాహ్నం మిగిలిన ఫోల్డర్లు గబగబా ఎక్కించాను. ఎక్కించినవాటిని తెరిచి చూసి రూతు లిస్టులో టిక్కు పెట్టాలి. తెరవకుండానే పెట్టాను. రూతు నా వెనక నిలబడి ఉంది.

"ఫార్మాట్ కొట్టేముందు ఒక్క ఫైలన్నా తెరిచి చూడండి సార్. అయ్యి మళ్ళీ అడిగి రాసేవి కాదు. చెప్పిన ముసలమ్మలు సగం మంది లేరు."

"నిమ్మళంగ ఉండుండి మేడమ్. క్లౌడ్ల పడ్డంక దేవుడు గూడ చెరపలేడు."

ఆమె నవ్వింది. నమ్మింది. నేను ఫార్మాట్ కొట్టాను.

వారం తర్వాత, ఎవరూ లేనప్పుడు, కొత్త ల్యాప్‌టాప్‌లో పుట్టుకల ఫోల్డర్ తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. పిచ్చి గీతలు, విరిగిన ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు. రెండోది తెరిచాను. అదీ అంతే. ఇరవై, ముప్పై తెరిచాను. నా తొందరలో ఫైళ్ళన్నీ పాడైపోయాయనుకున్నాను. పాత కంప్యూటర్ తుడిచేశాను. నోటుబుక్కులు గోదాట్లో పోయాయి. మనిషి ఏడేళ్ళ కష్టం నా చేతుల్లో బూడిదయిపోయింది.

అప్పుడు లేచి రెండు అడుగులు వేసి రూతును పిలవాల్సింది. ఎందుకు పిలవలేదు? ఉద్యోగం పోతుందని భయమా? అదీ ఉంది. కానీ అసలు సంగతి అది కాదు. ఒక్క ఫైలన్నా తెరవమని నోరు తెరిచి అడిగిన మనిషి ముందు, తెరవలేదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఎవరి దగ్గర మంచిగా కనబడాలని అంత ఆరాటపడ్డానో, ఆ మనిషి దగ్గరే చిన్నవాణ్ణి కావాలి. ఆ ఒక్క సిగ్గును తట్టుకోలేకపోయాను. ఫోల్డర్ మొత్తం చెరిపేశాను. చెరిపినవి క్లౌడ్‌లో చెత్తబుట్టలోకి పోతాయి, కొన్నాళ్ళు అక్కడే ఉంటాయి. శాశ్వతంగా తీసేయనా అని తెర మీద అడిగింది. తీసేయమన్నాను. అప్పటిదాకా జరిగింది పొరపాటు అనుకుంటాను. ఆ బొత్తాం నొక్కింది మాత్రం పొరపాటు కాదు. అక్కడితో ఆగానా? రూతు రాసిచ్చిన లిస్టు తీసి, నా చేత్తో మళ్ళీ రాశాను. పదమూడు పేర్లు. ఆమె కాగితం చింపేశాను.

నెల తిరక్కముందే ఒక తల్లి వచ్చింది. లచ్చమ్మ అని, అడవి లోపలి గూడెం. కూతురికి నర్సు ట్రైనింగ్‌లో సీటు వచ్చేలా ఉంది, కార్డులో వయసు తప్పుపడి ఆగింది. రూతమ్మ రాసుకుపోయింది, ఆ కాగితం ఇయ్యండి అంది. సెక్రటరీ గారు నన్ను పిలిచి తెరవమన్నారు. నేను ఫోల్డర్ల వరస చూపించాను. పుట్టుకలు లేదు.

"ఏదయ్యా అది?" అన్నారు.

"ఆ ఫోల్డర్ నాకు రాలేదు సార్. మేడమ్ ఇచ్చిన లిస్టుల గూడ లేదు." నేను రాసిన కాగితం బల్ల మీద పెట్టాను.

రూతు ఆ కాగితం చూసింది. అది తన చేతిరాత కాదని ఆమెకు తెలుసు. నాదని కూడా తెలుసు. "నేను ఇచ్చాను సార్" అంది, ఒక్కసారే. తర్వాత నా వైపు చూసింది. కోపం ఉంటే బాగుండేది. నేను ఏదో చెప్తానని, ఇప్పుడే చెప్తానని ఎదురుచూసింది. నేను ల్యాప్‌టాప్ వైపు తిరిగాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉంది నా పని. లచ్చమ్మ కాసేపు నిలబడి, మళ్ళీ రావాల్నా అని అడిగింది.

రూతును ఎవరూ పొమ్మనలేదు. ఫైలులో మాత్రం రాశారు, టైపిస్టు నిర్లక్ష్యం వల్ల రికార్డులు పోయినవని. గూడేలకు పంపడం మానేశారు. రెండు నెలలకు ఆమే మానేసింది. పోయేరోజు నా టీ గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించి పోయింది. లచ్చమ్మ బిడ్డ ఆ ఏడు ట్రైనింగ్‌కు పోలేదు. తర్వాతైనా పోయిందో లేదో తెలుసుకోలేదు. తెలిస్తే ఏం చేసేవాణ్ణి?

ఇక్కడితో అయిపోతే, పాడైన ఫైళ్ళ విషయంలో అబద్ధమాడిన పిరికివాణ్ణని చెప్పుకుని ఊరుకునేవాణ్ణి. నాలుగేళ్ళ కింద ఖమ్మంలో మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు కార్డు కొట్టించడానికి డీటీపీ షాపుకు పోయాను. షాపతను కొత్త కంప్యూటర్లో ఏదో పాత కార్డు తెరిచాడు. అవే పిచ్చి గీతలు. అవే విరిగిన ముక్కలు. అయ్యో పాడైపోయిందే అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. పాడెందుకయితది అన్నా, ఫాంట్ ఎక్కియ్యలే, గంతే అన్నాడు. ఏదో వేశాడు. మొత్తం తెలుగైపోయింది.

రూతు టైపింగ్ నేర్చుకుంది సత్తుపల్లిలో ఒక డీటీపీ షాపులోనే. నేను జన్మలో తెలుగు టైపు చేసిన పాపాన పోలేదు, నా రిపోర్టులన్నీ ఇంగ్లీషు. ఫైళ్ళు బంగారంలా ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ తెలుగు అక్షరాల ఫాంట్ ఒక్కటి లేదు. ఆ రోజు పిలిచి ఉంటే, రూతు ఒక్క చూపు చూసి, ఓస్ ఇంతేనా సార్ అని నవ్వేది. టీ పెట్టేది. పోయినవాటిని దాచడానికి అబద్ధమాడలేదు నేను. బతికున్నవాటిని నా చేత్తో చంపాను.

ఇప్పుడు పాల్వంచలో ఉంటున్నాను. చిన్న చిన్న ఆఫీసుల ఫైళ్ళు క్లౌడ్‌లోకి మార్చడమే నా పని. ఒక్కొక్క ఫైలూ తెరిచి చూస్తాను. ఇంత చాదస్తమేంది సార్ అని నవ్వుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాణ్ణని వాళ్ళకేం తెలుసు. రూతు పెనుబల్లిలో ఒక బడి ఆఫీసులో పనిచేస్తోందని విన్నాను. పెళ్ళయిందో లేదో అడిగే ముఖం లేదు. రెండుసార్లు సత్తుపల్లి బస్సెక్కాను. రెండుసార్లూ పెనుబల్లి రాకముందే దిగి, రోడ్డు దాటి, తిరిగి పాల్వంచ వచ్చే బస్సు ఎక్కాను. వాన పడుతుంటే ఇప్పటికీ పక్క కుర్చీ వైపు చూస్తాను.

ఒక కాగితం మిగిలింది. ఒకసారి ఆమె ప్రింటర్ పాడైతే, బయట ప్రింటు తీసిపెట్టమని నాకు మెయిల్ చేసింది. ఈలోగా ప్రింటర్ బాగయింది, నేను దాన్ని తెరవనే లేదు. నా పాత మెయిల్లో వెతికితే దొరికింది. ఖమ్మం షాపులోనే తెరిపించాను. ఇప్పపూలు ఏరడానికి పోయిన పొద్దున, చెట్టు కిందే పుట్టింది, ఆడపిల్ల, అంతకు రెండు రోజుల ముందు పక్కింట్లో దూడ పుట్టింది, అని ఉంది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. అడుగున చెప్పినవారి పేరు, రాసినవారు రూతు. సరిచూసినవారు అన్న చోట ఖాళీ.

ఇక్కడ నా పేరు రాయలేదు. ఇదే రాత ఆ సంస్థకు పంపుతున్నాను, పెనుబల్లికి ఒకటి పంపుతున్నాను, వాటిమీద రాశాను. క్షమించమని రాయలేదు. ఆ మాట అడిగే హక్కు నాకు లేదు, ఆమె క్షమించినా పోయిన పుట్టుకలు తిరిగిరావు. ఆ రోజు ఆమె నా ముఖం వైపు చూస్తూ ఏ మాట కోసం ఎదురుచూసిందో, అది మాత్రం రాశాను. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా.

ఆ ఫోల్డర్ నాకు వచ్చింది సార్. మేడమ్ ఇచ్చింది.