నల్లగోళ్ల ముందు పాండురంగం

సుబేదారిలో బట్టల దుకాణం నడిపే పాండురంగం ఎంత పొడుగు గుడ్డనైనా గీత గీయకుండా తిన్నగా కత్తిరించగల వీరుడు. ఆ వీరత్వమంతా తన పెంపుడుకుక్క, పొట్టికాళ్లూ పొడుగాటి ఒళ్లూ ఉన్న డాష్‌హండ్ రాజా ముంగాళ్ల దగ్గర ముగిసిపోతుంది. గోళ్లు పెరిగి నడక వంకరైతే ఆ పొడుగాటి వెన్ను దెబ్బతిని, వెనక్కాళ్లు పడిపోవచ్చని డాక్టరు చెప్పాడు. కానీ గోళ్లు నల్లవి, లోపలి నరం ఎంతవరకుందో కనబడదు. అందుచేత ప్రతి ఆదివారం పాండురంగం తలస్నానం చేసి, దేవుడికి మొక్కి, కళ్లద్దాలు తుడిచి గోళ్ల కత్తెర పడతాడు. రాజా మంచం కిందికి దూరుతుంది. "వాడు ఊకుంటలేడు, నేనేం జేయాలె?" అని ఊరటగా లేస్తాడు.

ఈ ఆదివారం రాజా కుంటింది. భార్య సుగుణ నేలమీద కాళ్లు చాచి కూర్చుని, పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పటిలా దాన్ని కాళ్లమీద పడుకోబెట్టి నూనె రాసింది. కుక్క పొడుగు ఆమె కాళ్ల పొడుగుకు సరిగ్గా సరిపోయింది. అది గురకపెట్టింది.

"కట్ చెయ్యున్రి ఇగ."

"నరం తెగితే?"

"పసుపు వెడదం. నడుము వోతే ఏం వెడ్తరు? వాడు నిమ్మళంగ పండుకున్నడు, మీరే వణుకుతాన్రు."

పాండురంగం పాదం పట్టుకున్నాడు. గోరుకు కత్తెర ఆనించి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. కోయవలసింది తానేనని గుర్తొచ్చి, మళ్లీ తెరిచాడు.