తొట్టెల తాడు నేనూ చూశాను

దయ్యాలు, గాలి సోకడం వంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. మా సిరిసిల్లలో ఎవరింట్లో అలాంటి మాట వచ్చినా ముందు డాక్టరుకు చూపించమని చెప్పేవాణ్ని. ఇప్పటికీ అదే చెబుతాను. అయినా ఇది రాస్తున్నాను. మా బిడ్డ లత లేనిది ఉన్నట్టు చెప్పిందని, ఆమె మనసు బాగాలేదని చాలామంది అనుకుంటున్నారు. ఆమె చెప్పింది నిజం. అబద్ధమాడింది నేను.

మా అల్లుడు షార్జాలో పని చేస్తాడు. అతని అక్క కుటుంబమూ అక్కడే ఉంటుంది. కొడుకు పుట్టాక అతనికి సెలవు దొరకలేదు. అందుకని లతే పిల్లవాణ్ని తీసుకుని ఆ అక్క ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావాలని అనుకున్నారు. పిల్లవాడికి పాస్‌పోర్టు వచ్చింది, విజిట్ వీసాలు వచ్చాయి, టికెట్లు తీశారు.

నా భార్య పోయాక ఏడాదికి ఈ మనవడు పుట్టాడు. ఇంట్లో నేనొక్కణ్నే. సామాను సర్దుకోవడానికి లత అత్తగారింటి నుంచి వచ్చి ఉన్న ఆ నాలుగు రోజులే ఇంట్లో మాటలు వినపడ్డాయి.

"ఆడిబిడ్డకు సకినాలు, నీ అల్లునికి అల్లం తొక్కు. ఇగ నా బట్టలు యాడ వెట్టాలె బాపూ? నెత్తి మీద వెట్టుకొని పోవాల్నా?" అని నవ్వేది.

ఆ నాలుగు రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఎండకు కిటికీలు మూసి ఉన్నాయి. లత పెట్టె సర్దుతూ, కూర్చున్న చోటి నుంచే పిల్లవాణ్ని ఊపడానికి తొట్టెలకు పొడవాటి తాడు కట్టుకుంది. పిల్లవాడు ఏడుపు అందుకుంటే తాడు కింద పడేసి పాలు కలపడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను.

నేల మీద పడి ఉన్న తాడు లేచింది. దాని చివర గోడ దగ్గర, జానెడు ఎత్తులో నిలిచింది. తాడు బిగిసింది, వదులైంది, మళ్లీ బిగిసింది. తొట్టెల నెమ్మదిగా ఊగసాగింది. పిల్లవాడు ఏడుపు ఆపాడు.

లత పాలసీసాతో వచ్చి గడప మీదే ఆగిపోయింది. "బాపూ, ఎవలు ఊపుతున్నరు?" అంది. అంతలో తాడు కింద పడింది.

ఎవరో ఆ క్షణాన నాకు తెలుసనిపించింది. మాకు చేతి మగ్గం ఉన్న రోజుల్లో నా భార్య ఆ గోడ దగ్గరే కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. తొట్టెల తాడును కాలి బొటనవేలికి తగిలించుకునేది. చేతులు పని చేస్తుంటే కాలు లతను ఊపేది. ఈ సంగతి లతకు నేనెప్పుడూ చెప్పలేదు.

"గాలికి ఊగింది, ఏం లేదు" అన్నాను.

తర్వాత చాలాసార్లు కిటికీలు తీసి, ఫ్యాను పెట్టి చూశాను. తొట్టెల కొంచెం కదిలేది. తాడు మాత్రం నేల మీద నుంచి లేవలేదు.

లత ఆ సాయంత్రమే భర్తకు ఫోను చేసి చెప్పింది. అతను వాళ్లమ్మకు చెప్పాడు. మర్నాడే వియ్యపురాలు కోరుట్ల నుంచి వచ్చింది. అందరి ముందు అల్లుడు వీడియో కాల్‌లో నన్ను అడిగాడు. "మామా, మీరు గూడ ఆడనే ఉన్నరట గద. ఏమన్న సూసిండ్రా?"

"నేనేం సూడలేదయ్యా."

లత నా వైపు చూసింది.

ఇద్దరం చూశామంటే ఇంట్లో పీడ ఉందని ప్రయాణం ఆపేస్తారేమోనని భయపడ్డాను. నేను లేదంటే మాట అక్కడితో ముగుస్తుందనుకున్నాను. కానీ లోపం లతలోనే ఉందని వాళ్లు తేల్చేశారు.

"తొట్టెల్ల దయ్యాన్ని సూసినామె విమానంల ఇంకేం జూస్తదో! పసిపిల్లగాన్ని ఆమె చేతుల వెట్టి పంపుడా?" అంది వియ్యపురాలు.

జగిత్యాలలో డాక్టరుకు చూపించారు. ఆయన ఏమీ లేదని నిద్రకు మాత్రలు రాశాడు. కొండగట్టు గుడికి తీసుకెళ్లి ఒక రాత్రి నిద్ర చేయించారు. ఈలోగా విమానం తేదీ దాటిపోయింది, వీసా గడువూ తీరింది. మళ్లీ తీద్దామని ఎవరూ అనలేదు.

పోయిన నెల కోరుట్ల వెళ్లాను. లత ఎదుటే వియ్యపురాలికి జరిగిందంతా చెప్పాను, నా భార్య సంగతితో సహా.

ఆమె చాయ్ కప్పు నా ముందు పెట్టింది. "బిడ్డ కోసం ఎన్నన్న జెప్తవే అన్నా. నేను గూడ తల్లినే, నాకు తెల్వదా?" అంది.

లత నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చింది. బస్సు కనపడ్డాక అంది, "నువ్వు సూసినవని నాకు ఆనాడే ఎరుక బాపూ. నీ మొకం సూసిన గద. గది అమ్మనే అని మాత్రం తెల్వదు. గా ఒక్క మాట నాకన్న జెప్తే అయిపోతుండె."

ఆ తాడును ఎవరు లాగారో, అసలు ఎవరైనా లాగారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నా కళ్లతో చూశానన్నది మాత్రం నిజం. మనవడు ఇప్పుడు నడుస్తున్నాడు. వాళ్ల నాయన ఇంకా వాణ్ని ఎత్తుకోలేదు.