కడగని గిన్నె

నిన్న మా కోడలు మనవరాలి కోసం తెప్పించిన పొడి డబ్బా మూత తీయగానే వేయించిన పల్లీల వాసన గుప్పుమంది. నా చేయి ఆగిపోయింది. అన్నం ముట్టని పిల్లలు అది తింటే ఏపుగా ఎదుగుతారని డబ్బా మీద రాసి ఉంది. నాకు నమ్మకం లేదు. అలా నమ్మకపోవడం నాకు నేర్పింది సుగుణ మేడమ్.

అరవైల చివర్లో యూనివర్సిటీలో చదువు ముగించి, తార్నాకలో చిన్న పథకంలో పనికి కుదిరాను. చిక్కిపోయిన పిల్లలకు పల్లీలు, గోధుమలు కలిపిన పిండి పంచి, వారం వారం వాళ్ళ తూకం పుస్తకంలో రాయాలి. మేడమ్ నా పై అధికారి, గుంటూరు వైపు మనిషి. ఎవరి మాటా నమ్మేవారు కాదు. "తిన్నాడా అని అడక్కు. ఏ తల్లయినా తిన్నాడనే అంటుంది. కడగని గిన్నె చూపించమను" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. దొంగల్ని పట్టడానికి వచ్చానా నేను?

మేం పిండి పంచే లాలాపేటలో అందరి గిన్నెలూ ఖాళీగానే కనిపించేవి, లక్ష్మమ్మ ఇంట్లో తప్ప. ఆమె మూడేళ్ల కొడుకు నర్సింలు పిండి ముట్టేవాడు కాదు, రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. పిండిలో ఏదో మందు ఉందన్న పుకారు నమ్మి ఆమే వాణ్ని తినొద్దంటోందని నా అనుమానం. అది రుజువు చేయలేక, "మొండి పిల్లవాడు, పేరు తీసేయవచ్చు" అని ఆమెకు వినబడేలా అంటూనే పుస్తకంలో రాసేశాను. పేరు తీసేస్తే పథకం కింద వాడికి రోజూ ఇచ్చే పాలు కూడా ఆగిపోతాయి.

అది చదివి మేడమ్ "పద" అన్నారు. మమ్మల్ని చూడగానే లక్ష్మమ్మ గొంతు లేచింది.

"మొండోడు కాదమ్మా వాడు. జొన్నరొట్టె ఇస్తే మంచిగ తింటడు. గీ పిండి జూస్తేనే మూతి తిప్పుకుంటడు. ఏం కలిపిన్రో మీకే ఎరుక!"

"మేమేం కలపలేదు" అని కసిరాను.

"నువ్వెప్పుడైనా తిన్నావా?" అన్నారు మేడమ్. లక్ష్మమ్మను కాదు, నన్ను.

నర్సింలు వదిలేసిన గిన్నెలో వేలు ముంచి నాకి, మేడమ్ ఆ గిన్నె నా చేతికిచ్చారు. కొంచెం పిండి నోట్లో పెట్టుకున్నాను. పాడైన పల్లీల చేదు, గొంతు దాకా. ఎండాకాలమంతా పిండి డబ్బాలను వేడెక్కే రేకుల గదిలో పేర్చి ఉంచింది నేనే. మిగతా ఇళ్ళలో పిండి కోళ్ళకు పోతోందని ఆ రోజే లక్ష్మమ్మ చెబితే తెలిసింది. నాతో అబద్ధం చెప్పనిది ఆమె ఒక్కతే. నేను అనుమానించిందీ ఆమెనే.

"తప్పు మాదేనమ్మా" అని మేడమ్ ఆమెకు చేతులు జోడించారు. తిరిగి వచ్చాక నన్ను తిట్టలేదు. పుస్తకం ముందు పెట్టి, "రాసింది కొట్టేయకు. కిందే నిజం రాయి" అన్నారు. "పిండి చేదు. పిల్లవాడు మొండి కాదు" అని రాశాను. కొత్త పిండి వచ్చిన వారం నర్సింలు గిన్నె అడుగు దాకా నాకాడు.

నిన్న కోడలు ఆ పొడి కలిపి చెంచాతో పెట్టబోతే మనవరాలు పెదవులు బిగించుకుని కూర్చుంది. "ఇదెంత మొండిదో చూడండి అత్తయ్యా" అంది కోడలు.

"ఉండమ్మా" అని, ఆ చెంచా ముందు నా నోట్లో పెట్టుకున్నాను.