క్యాప్ పెట్టిన పెన్ను

లండన్ దగ్గర వాట్‌ఫర్డ్‌లో మా పక్కింటి అంకుల్‌ది గుంటూరు. రిటైరయ్యాక ఆయనకు ఊళ్ల చరిత్రలు అడిగి రాసుకునే పిచ్చి పట్టింది. "ఇది రాయకండి" అని ఎవరైనా అంటే చాలు, పెన్నుకు టక్కున క్యాప్ పెట్టి జేబులో వేసుకునేవారు. ఆ చప్పుడు వింటే ఎంత ధైర్యంగా ఉండేదో!

మా ఆఫీసులో నా స్నేహితురాలిది చైనాలో ఒక చిన్న ఊరు. అంకుల్‌ని నమ్మొచ్చని ఆమెకు చెప్పింది నేనే. సెలవులకు వెళ్తూ ఆయన్ని వెంట తీసుకెళ్లి, వాళ్లింట్లోనే ఉంచుకుంది. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేదంతా తనే ఇంగ్లీషులో వినిపించేది. ఒకరోజు వాళ్ల అమ్మమ్మ, "మా గడపరాయి పక్కింటివాళ్ల తాతల సమాధిరాయి. మా నాన్న తెచ్చి బోర్లా వేశాడు. వాళ్లకు తెలియదు, రాయొద్దు" అందట. అక్కడా క్యాప్ టక్కుమందట.

మొన్న లైబ్రరీ హాల్లో అంకుల్ ఆ ఊరి గురించి మాట్లాడారు. మేమిద్దరం ముందు వరసలో కూర్చున్నాం. తెరమీద ఆ గడప, పక్కన అమ్మమ్మ నవ్వుముఖం. రాయి కథ ఎంత రక్తి కట్టించారో! హాలంతా చప్పట్లు. ఎవరో ఫోన్లో వీడియో కూడా తీశారు. నా స్నేహితురాలు నా వైపు చూడకుండానే లేచి వెళ్లిపోయింది.

"ఏంటంకుల్ ఇది?" అని నిలదీశాను.

"నేనెక్కడ రాశానమ్మా? చెప్పానంతే" అంటూ జేబులోంచి క్యాప్ పెట్టిన పెన్ను తీసి చూపించారు.

మా నాన్న జైలుకెళ్లిన సంగతి నేను ఆయనకు చెప్పింది కూడా ఆ చప్పుడు విన్నాకే.