పొగగొట్టంలో దొరికిన బూటు

ఎనిడ్ ప్రాసర్ ఇంగ్లండులోని మా ష్రాప్‌షైర్ పల్లెలో, లేకన్ దొరల బంగళాలో నలభై ఒక్క ఏళ్లు నేలలు తోమింది. నేనక్కడ తోటమాలిని. ఆవిడకి నోరెక్కువ, నాకు చెవులెక్కువ. అందుకే మా స్నేహం నిలిచింది.

నాలుగు వందల ఏళ్ల ఆ బంగళా చరిత్ర రాయాలని దొరగారికి పిచ్చి పట్టింది. ఏ తాత ఏ గదిలో గుటుక్కుమన్నాడో కూడా రాసుకున్నారు. ఇంతలో వంటింటి పొగగొట్టం బీటలిచ్చింది. తాపీమేస్త్రి క్లెమ్ ఇటుకలు ఊడదీస్తే, లోపల చిన్న గూట్లో మసిపట్టిన ఆడవాళ్ల బూటు ఒకటి కనిపించింది.

పీడలు పొగగొట్టంలోంచి దిగకుండా వాడేసిన బూటొకటి అక్కడ దాచడం మా వైపు పాత అలవాటే. అది ఎవరిదన్నదే నా కుతూహలం.

"మా తాతలనాటి అరబెల్లా దొరసానిదే! అద్దాలపెట్టెలో పెట్టిద్దాం" అన్నారు దొరగారు, గంతేసినంత పనిచేసి.

ఎనిడ్ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అయ్యా, మీ దొరసాని మోకాళ్ల మీద పాకేదా?"

"ఏం మాటలవి, ఎనిడ్?"

"మడమ చూడండి, కొత్తదిలా ఉంది. వేళ్లమీది తోలు మాత్రం చిల్లులు. మోకాళ్లమీద కూచుని బండలు తోమితే ఇలాగే అరుగుద్ది. నా బూటు చూడండి."

"ఊహలతో చరిత్ర రాయలేం కదా!"

"మరి ఇందాకా మీరు చేసిందేంటో!"

నాకు నవ్వాగలేదు. దగ్గినట్టు నటించాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ పనిమనిషి కష్టం దొరసాని ఖాతాలో పడిపోతుందని ఆవిడ కడుపు మండిపోయింది.

దొరగారు రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. మంచి మనిషే, ఒప్పుకున్నారు. ఆ పనిమనిషి పేరు కోసం మూడురోజులు పాత దస్తావేజులు తిరగేశారు. గుర్రాల పేర్లున్నాయి, వేటకుక్కల పేర్లున్నాయి. నేలలు తోమిన మనిషి దగ్గర మాత్రం "పనిపిల్ల" అని ఉంది, అంతే. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తల దించుకున్నారు.

బూటు అద్దాలపెట్టెలోకి వెళ్లింది. క్లెమ్ మాత్రం తాపీ పక్కన పెట్టేశాడు.

"ఖాళీ గూడు మూస్తే ఇంటికి అరిష్టం. నా వల్ల కాదు బాబూ."

"ఏడిశావులే, ఉండు" అంటూ ఎనిడ్ కుడికాలి బూటు విప్పింది. నా జేబులో పెన్ను లాక్కుని లోపలి తోలు మీద ఒత్తి ఒత్తి రాసింది: ఎనిడ్ ప్రాసర్, ఈ ఇంటి నేలలు తోమిన మనిషి.

"ఇంద, మూసెయ్. మళ్లీ తవ్వేవాళ్లు నాకోసం వెతుక్కోనక్కర్లేదు."