పైకి చూసే బర్రె

మా చిన్నప్పుడు... చవితి ముందు వచ్చే వానాకాలం ఆదివారాల్లో, ధూల్‌పేటలో సరళక్క వాళ్ల రేకుల షెడ్డులో మేమంతా మాంత్రికులం.

సరళక్క వాళ్ల నాన్న వినాయకుడి విగ్రహాలు చేసేవాడు. వాటి చాటున కూర్చుని అక్క కథ చెప్పేది. గుహలో ఎటు వెళ్లాలో, ఏ మంత్రం వేయాలో మేము చెప్పి గవ్వలు వేసేవాళ్లం. ఇప్పటి పిల్లలు బల్ల చుట్టూ చేరి పాచికలతో ఆడుతున్నారే... దాదాపు అదే ఆట. దానికో పేరు ఉంటుందని కూడా మాకు తెలియదు.

మాంత్రికుడన్నాక తోడుగా ఒక జంతువు ఉండాలి కదా. మిగిలిన మట్టితో ఎవరిది వాళ్లే చేసుకోవాలి. దానికో శక్తి, ఓ లోపం ఉండాలి. విగ్రహాలకు లాగే చివర్లో అక్క సన్న కుంచెతో కళ్లు దిద్దేది. అప్పటిదాకా అది ఉత్త మట్టే. కథలో ఓడిపోతే మాత్రం దాన్ని మళ్లీ ముద్ద చేసి గంపలో వేసేయాలి...

ఎదురింటి రాజు గుడ్లగూబను చేశాడు. సలీం నల్లపామును చేశాడు. నేను బర్రెను చేశాను.

"మంత్రాలేసెటోళ్లకు బర్రె ఏందే? గుహల పాలు పిండుతవా?" అన్నాడు రాజు. షెడ్డంతా ఒకటే నవ్వు.

నాకు నవ్వు రాలేదు. అంతకు ముందు వారమే బాపు మా బర్రెల కొట్టం ఎత్తేసి, లచ్చిని జల్‌పల్లి వైపు ఎవరికో అమ్మేశాడు. నేను బడి నుంచి రాగానే సంచీలో మూతి పెట్టి వాసన చూసే బర్రె అది. దాని మీద బెంగ పెట్టుకున్నానని ఇంట్లో చెప్పలేదు. బర్రె కోసం ఏడుస్తారా అంటారని భయం.

పైగా బొమ్మ కూడా సరిగ్గా కుదరలేదు. ధూల్‌పేట పిల్లల చేతులకు బాగా అలవాటైన జంతువు ఒక్కటే... స్వామి పాదాల దగ్గర కూర్చుని, తలెత్తి ఆయన్నే చూసే ఎలుక. నా చేతులూ అదే పని చేశాయి. బర్రె మెడ పూర్తిగా పైకి తిరిగిపోయింది. ఆరాక గానీ చూసుకోలేదు.

"గిది తొవ్వ చూడదే, నీ మొకమే చూస్తది. గదే దీని లోపం," అంది అక్క. "మరి శక్తి ఏంది?"

"ఏం లేదక్కా. నా తోటే ఉంటది."

అక్క కుంచె తీసుకుంది. చాలాసేపు, మెల్లగా కళ్లు దిద్దింది.

ఆ రోజు కథలో గుహలోకి వెళ్లాం. రాక్షసుడు ఎక్కడున్నాడో కనిపెట్టకపోతే జంతువులన్నీ గంపలోకే. గుడ్లగూబ ముందంతా చూసి ఎవరూ లేరంది. పాము నేలంతా వెతికి ఎవరూ లేరంది. గవ్వలు కూడా మొండికేశాయి. నేను బర్రె మీద నుంచి చెయ్యి తీయలేదు. లచ్చి ఎలాగూ పోయింది, ఇది కూడా పోతే...

అక్క నా వైపు చూసింది. "నీ బర్రె ఎటు చూస్తున్నదే?"

"పైకి."

"మరి రాక్షసుడు ఏడున్నడో దాన్నడుగు."

గుహ కప్పుకు వేలాడుతున్నాడు. అందరి జంతువులూ బతికాయి. నేను ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మ ఒళ్లో పడి లచ్చి కోసం తనివితీరా ఏడ్చాను. చూస్తే అమ్మ కూడా ఏడుస్తోంది.

ఇప్పుడు చాంద్రాయణగుట్టలో మా ఇంట్లో, ఆదివారం వస్తే మా అమ్మాయీ దాని స్నేహితురాళ్లూ బల్ల చుట్టూ చేరతారు. కథ చెప్పేది నేనే. వాళ్ల మాంత్రికులకు జంతువులను తయారు చేసేటప్పుడు ముందు శక్తి సంగతి అడగను, లోపం అడుగుతాను. చెవిటి పిల్లి కావచ్చు, ఎగరలేని కాకి కావచ్చు... ఆ లోపంలోంచే దాని శక్తి పుట్టాలి. ఇదంతా సరళక్క పెట్టిన భిక్ష. మొన్న ఆ మాటే చెబుదామని ధూల్‌పేట వెళ్లాను. చెప్పకుండానే చాయ్ తాగి వచ్చేశాను. వచ్చేటప్పుడు అక్కే అడిగింది, "నీ బర్రె మంచిగున్నదా?" అని.

ఉందక్కా. ఒక చెవి విరిగింది గానీ, మెడ పైకే ఉంది. ఆ రోజు నువ్వు నా బొమ్మను కాపాడినందుకు ఎంత చెప్పినా తక్కువే.

ఈ రోజుల్లో బొమ్మలు డబ్బాల్లో వస్తున్నాయి, కళ్లతో సహా. ఎవరినీ బతిమాలే పని లేదు, ఎదురుచూసే పని లేదు... మీ చిన్నప్పటి మట్టి బొమ్మకు కళ్లు దిద్దింది ఎవరో, కింద రాయరూ. వాళ్లు దగ్గర్లోనే ఉంటే ఒకసారి వెళ్లి రండి. మాట పెగలకపోయినా పర్వాలేదు.